కంబాలకొండకి ఈ వానల్లో ఏం చేద్దాం? మొక్కలా, బెంచీలా, ఇంకేమైనానా?

కొండగాలి
ఆదివారం, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. మేము విశాఖలో మధురవాడ వైపు ఉంటాం. పన్నెండేళ్ల పైనుంచీ వారానికి రెండు మూడు రోజులు కంబాలకొండ ఎకో పార్కు దారిలో నడుస్తున్నాను. హుద్‌హుద్‌కి ముందు ఆ నీడ ఎలా ఉండేదో, తుఫాను తర్వాత మళ్లీ లోపలికి వెళ్లిన రోజు ఎంత ఆకాశం కనపడిందో రెండూ చూశాను. ఆ రోజు ఏడుపు వచ్చింది. అందుకే అడుగుతున్నాను.

మా కాలనీలో ముప్పై మందిమి కూడాం. కొంత డబ్బు కూడా పోగైంది. ఈ జులైలో ఏదైనా చేద్దామని ఉంది. మేం అనుకున్నవి ఇవి: ఖాళీగా ఉన్న చోట ఐదొందల మొక్కలు నాటడం, నడిచే దారి పక్కన పెద్దవాళ్లు కూర్చోడానికి బెంచీలు, మొదటి అర కిలోమీటరు వరకు సోలార్ లైట్లు, ప్రతి ఆదివారం దారికి రెండు వైపులా ఎండుటాకులు ఊడ్చి తుప్పలు కొట్టి శుభ్రం చేయడం. ఫారెస్టు ఆఫీసుకి వెళ్లే ముందు తెలిసినవాళ్ల మాట వినాలనిపించింది. తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

బీచ్‌రోడ్ బాబు
ఆదివారం, ఉదయం 9:05

మంచి పని అక్కా. ఐదొందలెందుకు, వెయ్యి నాటుదాం. మా ఆఫీసు నుంచి ఇరవై మంది వస్తాం. గుల్మొహర్, ఆకాశమల్లి లాంటివైతే తొందరగా పెరుగుతాయి, పూలతో అందంగా కూడా ఉంటాయి.

పిట్టకన్ను
ఆదివారం, ఉదయం 11:30

అక్కా, మిగతావాటి సంగతి పెద్దవాళ్లు చెప్తారు. నేను ఒక్కటే అడుగుతాను. దయచేసి ఆకులు ఊడ్చకండి.

కారణం చెప్తాను. ఏటా అక్టోబరు, నవంబరుల్లో మన వైపు పొన్నంకి పిట్ట వస్తుంది. హిమాలయాల దిగువన, మధ్య భారతం కొండల్లో పిల్లల్ని చేసుకుని, చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంక దాకా దిగుతుంది. రాత్రిళ్లు ఎగురుతుంది. పిడికెడంత పిట్ట. ఒంటి మీద ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు, తెలుపు, పసుపు అన్నీ ఉంటాయి. మూడేళ్ల క్రితం మా మేడ మెట్ల మీద ఒకటి సొమ్మసిల్లి పడి ఉంది. అట్టపెట్టెలో గుడ్డ వేసి చీకట్లో పెట్టాం. సాయంత్రానికి తేరుకుంటే కొండ అంచున వదిలాం. వదలగానే అది చెట్టెక్కలేదు. తిన్నగా తుప్ప కిందకి దూరి, ఎండుటాకుల్ని ముక్కుతో ఒక్కొక్కటే తిరగేయడం మొదలుపెట్టింది. ఆకుల అడుగున ఉండే పురుగులు, వానపాములు, జెర్రులే దాని తిండి. అంత దూరం ఎగిరొచ్చిన దానికి ఆ ఎండుటాకులే అన్నం. మనం వాటినే చెత్త అనుకుని కుప్పపోసి తగలబెడుతున్నాం.

ఇంకో మాట. ఈ జాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు కూడా 'పిట్ట'యే. 1816లో వియెయో అనే ఫ్రెంచి పక్షి శాస్త్రజ్ఞుడు మన తెలుగు మాటనే తీసుకుని ప్రజాతికి పేరుగా పెట్టాడు. ఆఫ్రికాలో ఉన్నవాడైనా ఆస్ట్రేలియాలో ఉన్నవాడైనా ఆ పక్షుల్ని పిట్ట అనే అంటాడు. మన మాట మోసుకు తిరిగే పక్షికి మన ఊళ్లో నాలుగు ఎండుటాకులు లేకుండా చేయొద్దు.

కొండగాలి
ఆదివారం, మధ్యాహ్నం 12:10

ఇది నాకు నిజంగా తెలియదు తమ్ముడూ. ఊడ్చితే బాగుంటుందనే అనుకున్నాను. దారి మీద ఆకులుంటే పాములు కనపడవని మావాళ్లకి భయం. ఆ సంగతి ఏం చేద్దాం?

పిట్టకన్ను
ఆదివారం, మధ్యాహ్నం 12:25

నడిచే దారి మీదవి పక్కకి తోసేయండి, అంతవరకు చాలు. దారి దాటి లోపలికి చీపురు వెళ్లకూడదు. తోసిన ఆకులు అక్కడే కుళ్లాలి, సంచుల్లో నింపి బయటికి పంపకూడదు.

పాత ఫారెస్టర్
ఆదివారం, రాత్రి 8:15

అమ్మా కొండగాలీ, మీ మనసు మంచిది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. ముప్పై మూడేళ్లు అటవీశాఖలో చేసి దిగాను. అందులో కొన్నేళ్లు తూర్పు కనుమల్లోనే.

మొదట ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. కంబాలకొండ మునిసిపల్ పార్కు కాదు. ఒకప్పుడు విజయనగరం రాజుల చేతిలో ఉన్న అడవి. 1970లో అటవీశాఖ చేతికి వచ్చింది, తర్వాత 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద అభయారణ్యం చేశారు. సుమారు డెబ్బై చదరపు కిలోమీటర్లు. మనం నడిచే ఎకో పార్కు దాని అంచున చిన్న ముక్క. చట్టంలో 29వ సెక్షన్ ఉంది. అభయారణ్యంలో ఏది నరకాలన్నా, తీయాలన్నా, జంతువుల ఆవాసం మార్చాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిట్ కావాలి. అది కూడా వన్యప్రాణుల మేలుకే అని తేలితేనే ఇస్తారు. పదిమంది కత్తులు పట్టుకుని ఆదివారం పూట తుప్పలు కొట్టడం మంచి ఉద్దేశంతో చేసినా నేరమే అవుతుంది. కాబట్టి ఏ పని అయినా శాఖ వాళ్లతో కలిసే.

ఇక మొక్కలు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న తీరం దాటినప్పుడు గాలి గంటకు నూట ఎనభై కిలోమీటర్ల దాకా వీచింది. ఆ తర్వాత నేను నగరమంతా తిరిగాను. ఎక్కువగా వేళ్లతో సహా లేచిపోయినవి ఏవో తెలుసా? గుల్మొహర్, ఆస్ట్రేలియా తుమ్మ, సుబాబుల్. తొందరగా పెరిగే చెట్లు తొందరగానే పడ్డాయి. తాడి, ఈత, వేప, చింత, కొండ మీద సొంతంగా మొలిచిన పాల చెట్లు, కొమ్మలు పోగొట్టుకున్నా మొదళ్లు నిలబెట్టుకున్నాయి. కొండలో విరిగిన మోడులు రెండేళ్లు తిరిగేసరికి చిగుళ్లేసి గుబురయ్యాయి. వాటిని ఎవరూ నాటలేదు, నీళ్లు పోయలేదు. కాపలా ఒకటే చాలింది.

అందుకని మీరు ఖాళీ అనుకుంటున్న చోటు ఖాళీ కాకపోవచ్చు. అక్కడ గడ్డి ఉంటుంది, ఆ గడ్డికే జింక వస్తుంది. నేలలో వేరు ఉంటుంది, వానలకి చిగురేస్తుంది. మనం గొయ్యి తవ్వితే ముందు దాన్నే తెగ్గొడతాం. ఇంకోచోట ఒక సంస్థ వాళ్లు బ్యానర్లు కట్టి రెండు వేల మొక్కలు నాటడం చూశాను. ఫొటోలు దిగారు. ఏప్రిల్ నాటికి కర్రలు మాత్రం మిగిలాయి. ఆ గుంతలు తవ్వినప్పుడు పోయిన బలుసు, వాక, పరికి మొదళ్లు మళ్లీ రాలేదు. ఆ పొదలకి కాసే కాయలే మే నెలలో పిట్టలకి, నక్కలకి, పునుగు పిల్లులకి ఆధారం.

పడిపోయిన చెట్ల గురించి కూడా చాలామంది అడుగుతారు, ఎందుకు తీయరు, కుళ్లిపోతున్నాయి కదా అని. 2000 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు, అభయారణ్యాల్లోంచి ఎండిన, చచ్చిన, గాలికి పడిన చెట్లు కూడా తీయకూడదని ఆదేశమిచ్చింది. కోర్టు చెప్పిందని కాకపోయినా అలా వదలడమే సరైనది. ఎండుమోడులో వడ్రంగి పిట్ట తొర్ర చేస్తుంది. అది వదిలేసిన తొర్రలో గోరింకో, చిలకో, చిన్న గుడ్లగూబో కాపురం పెడుతుంది. నేలకూలిన దుంగ కింద తేలు, కప్ప, నలికిరి. దుంగ పూర్తిగా మట్టి కావడానికి పది పదిహేనేళ్లు పడుతుంది. అన్నేళ్లూ ఎవరికో ఒకరికి అది ఇల్లే.

లైట్లు మాత్రం వద్దు తల్లీ. ఒక్కటి కూడా వద్దు.

బీచ్‌రోడ్ బాబు
ఆదివారం, రాత్రి 9:02

సార్, మరి ఇంక ఏమీ చేయకూడదన్నమాట. మనుషులు రాకూడదు, మొక్క నాటకూడదు, చెత్త ఎత్తకూడదు. నగరంలో పిల్లలకి చెట్టు చూపించే చోటు అదొక్కటే. పిట్టలే ముఖ్యం, మనుషులు కాదు అన్నట్టుంది.

పాత ఫారెస్టర్
ఆదివారం, రాత్రి 9:40

అలా అనలేదు బాబూ. చేతినిండా పని ఉంది. మీరు అనుకున్న పని కాదు, అంతే. లాంటానా ఉంది. మన వైపు తలంబ్రాల తుప్ప అంటారు. అమెరికా ఖండం నుంచి తోటల్లో అందానికని తెచ్చారు, ఇప్పుడు దేశంలో అది లేని అడవి వెతకాలి. ఆకు విషం, అందుకే జింక ముట్టదు. దాని కింద గడ్డి మొలవదు. వేసవిలో ఎండి నిప్పంటుకుంటే మంట చెట్ల నడినెత్తి దాకా పాకుతుంది. పర్మిట్ దొరికితే మీ యాభై మందికి దాని మీద ఐదేళ్ల పని ఉంది.

కొండగాలి
సోమవారం, ఉదయం 6:50

రాత్రి రెండుసార్లు చదివాను సార్. గుంతలు తవ్వితే మొదళ్లు తెగుతాయన్న మాట దగ్గర ఆగిపోయాను. మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కొందరు ఒప్పుకున్నారు, కొందరికి ఇంకా మొక్కలే నాటాలని ఉంది. లాంటానా ఎలా తీయాలి? కొట్టేస్తే మళ్లీ వస్తుందంటారు కదా.

పాత ఫారెస్టర్
సోమవారం, ఉదయం 10:30

కొట్టేస్తే ఒకటికి పది కొమ్మలు వస్తాయి. తగలబెట్టినా అంతే. జేసీబీ పెట్టి లాగితే నేలంతా తిరగబడి, లోపలున్న దాని విత్తనాలే మొలుస్తాయి. ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ సి.ఆర్. బాబు గారి బృందం ఒక పద్ధతి కనిపెట్టింది. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ అడవిలో చేసి చూపించారు. చాలా సులువు. లాంటానా చిగురేసేది కాండం, వేరు కలిసే చోటనే. మట్టి పైపొర కిందకి మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు పలుగు దించి తల్లివేరుని అక్కడ తెగ్గొట్టాలి. తుప్పని అలాగే పైకెత్తి తలకిందులుగా, వేళ్లు ఆకాశానికి పెట్టి వదిలేయాలి. నేలకి తగలదు కాబట్టి మళ్లీ వేరూనదు. నేల చెదరదు. ఖర్చు కూలీ మాత్రమే.

అసలు కష్టం ఆ తర్వాత. దాని పళ్లు తిన్న పిట్టలు పెద్ద చెట్ల మీద వాలి రెట్టలేస్తాయి, ఆ చెట్ల కింద మళ్లీ వందల మొలకలు. రెండు మూడేళ్లు ప్రతి వానకి వెళ్లి చేత్తో పీకాలి. చాలామంది మొదటి ఏడు ఉత్సాహంగా తీసి రెండో ఏడు కనపడరు. అప్పుడు మొదటికంటే దట్టంగా వస్తుంది. మీ ముప్పై మందిలో మూడేళ్లు వచ్చేవాళ్లు ఎంతమందో ముందు లెక్క తేల్చుకోండి. పదిమందే అయితే పదిమందికి సరిపడా ముక్కే తీసుకోండి.

పిట్టకన్ను
సోమవారం, మధ్యాహ్నం 1:15

ఫారెస్టర్ గారి మాటకి చిన్న చేర్పు. ఒకేసారి పెద్ద ముక్క ఖాళీ చేయొద్దు. మంచిదో చెడ్డదో, ఇన్నేళ్లుగా అక్కడ జంతువులు దాక్కునేది ఆ తుప్పల్లోనే. సీతాకోకచిలుకలు కూడా ఆ పూల మీద వాలతాయి. ఒక గది అంత చోటు తీసి, అక్కడ మన గడ్డి, మన పొద లేచాక దాని పక్కది తీయాలి. నాటాలని అంత ఉంటే ఆ చోట్లలోనే, అది కూడా ఈ కొండ విత్తనమే. మారేడు, వెలగ ఆకు మీద నల్ల రెక్కల పెద్ద సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. ఈశ్వరి తీగ ఉంటే ఎర్ర ఒంటి సీతాకోకచిలుకలు వస్తాయి, వాటి పురుగులకి ఆ తీగ జాతి తప్ప వేరే తిండి లేదు. మర్రి, జువ్వి, మేడి ఒక్కోటి ఒక్కో నెలలో కాస్తాయి. ఏ ఎండలో అయినా ఏదో ఒక చెట్టు కింద భోజనం ఉంటుంది.

ఆరిలోవ ఇల్లాలు
సోమవారం, సాయంత్రం 5:20

మీరంతా వారానికోసారి వచ్చి చూసి వెళ్లేవాళ్లు. మాకు పెరటి గోడ దాటితే అడవే. చిరుత వచ్చిందని ఎవరైనా అంటే ఆ వారమంతా పిల్లల్ని సాయంత్రం ట్యూషన్‌కి పంపాలంటే టెన్షన్. పోయినేడు మా వీధి కుక్క ఒకటి రాత్రికి రాత్రి మాయమైంది. తుప్పలు అలాగే ఉంచండి, ఆకులు అలాగే ఉంచండి అంటున్నారు. మా గోడ పక్కన కూడానా? మమ్మల్ని అడిగేవాళ్లు లేరా?

పిట్టకన్ను
సోమవారం, సాయంత్రం 6:00

అమ్మా, మీ భయం న్యాయమైనదే. ఇంటి గోడకి ఆనుకుని తుప్ప ఉండకూడదు. అది మీ స్థలంలోనే, కొట్టించేయండి. దారి కనపడేలా మీ వీధిలో లైటు ఉండాలి. లైటు వద్దన్నది అడవి లోపల.

కానీ చిరుతని మీ గోడ దాకా లాగేది తుప్ప కాదు. మీ వీధి చివర, ఖాళీ స్థలంలో చెత్త పోస్తున్నారా? ఆ చెత్తకి కుక్కలు, పందులు చేరతాయి. వాటికోసం చిరుత దిగుతుంది. ముంబైలో సంజయ్ గాంధీ నేషనల్ పార్కు నూట నాలుగు చదరపు కిలోమీటర్లు, చుట్టూ కిక్కిరిసిన నగరం, లోపల చిరుతలు. అక్కడివాళ్లు 2011 నుంచి శాఖతో కలిసి చేసిన పని ఎక్కువగా ఇదే: చెత్త తీయించడం, చీకటి పడ్డాక పిల్లల్ని ఒంటరిగా వదలొద్దని బస్తీ బస్తీకి చెప్పడం.

పట్టుకుని దూరంగా వదిలేయమని అందరూ అడుగుతారు. మహారాష్ట్రలో జున్నర్ దగ్గర అదే చేశారు. పరిశోధకురాలు విద్యా ఆత్రేయ ఆ తర్వాత లెక్కలు తీస్తే, చిరుతల్ని తెచ్చి వదిలిన చోట్ల మనుషుల మీద దాడులు పెరిగాయని తేలింది. తెలియని చోట వదిలిన జంతువు బెదిరి తిరుగుతుంది. ఖాళీ అయిన చోటుకి ఇంకోటి వస్తుంది.

ఆరిలోవ ఇల్లాలు
సోమవారం, రాత్రి 7:45

చెత్త మాట నిజమే. మాంసం కొట్టు వ్యర్థాలు కూడా అక్కడే పడేస్తారు. చెప్పిచెప్పి విసిగిపోయాం.

కొండగాలి
సోమవారం, రాత్రి 8:10

అమ్మా, మా డబ్బులో కొంత దీనికి పెట్టొచ్చు. రోజూ బండి వచ్చేలా అడగడానికి మీతో పాటు మేమూ వస్తాం. ఇది అభయారణ్యం బయట పని, పర్మిట్ కోసం ఆగక్కర్లేదు కూడా.

జీడితోట
మంగళవారం, ఉదయం 7:30

నేను ఎక్కువ చదువుకోలేదు, మా అబ్బాయి చేత రాయిస్తున్నాను. మాది కొండ అంచు పల్లె. చీపురు పుల్లలు, ఎండుకట్టెలు, చింతపండు, జీడిగింజలు, మా అమ్మ ఆ కొండ మీదే మమ్మల్ని పెంచింది. ఇప్పుడు కట్టె తెస్తే తప్పు. సరే, చట్టం చట్టమే. కానీ కార్లలో వచ్చినవాళ్లు టిక్కెట్టు కొనుక్కుని పాటలు పెట్టుకుని నడుస్తారు, మేం మా గెడ్డ దగ్గరికి వెళ్తే ఎందుకు వచ్చావంటారు. కొండ బాగుండాలని మాకూ ఉంది. ఏ గెడ్డలో ఏ నెల దాకా నీరుంటుందో, కణితి జింక ఏ దారిన దిగుతుందో, నిప్పు మొదట ఎటునుంచి వస్తుందో మాకు తెలుసు. ఆ తలంబ్రాల తుప్ప తీసే పని ఉందంటున్నారు. ఆ కూలీ మా ఊరి ఆడవాళ్లకి ఇప్పించండి. మీకు ఆదివారం పని, మాకు అది బియ్యం.

పాత ఫారెస్టర్
మంగళవారం, ఉదయం 9:10

ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన వాటిలో గట్టి మాట ఇదే. నా ఉద్యోగంలో ఏ నిప్పునైనా మొదట చూసింది, మొదట ఆర్పింది పల్లెవాళ్లే. ఫిబ్రవరిలో ఫైర్ లైన్లు, అంటే నిప్పు పాకకుండా గడ్డి కొట్టి వదిలే ఖాళీ బాటలు, కొట్టేదీ వాళ్లే. కొండగాలీ, మీ ఐదొందల మొక్కల డబ్బు మూడేళ్ల కూలీగా మార్చితే అడవికి, పల్లెకి రెండింటికీ పోతుంది. దరఖాస్తులో ఆ ఊరివాళ్లని కలపండి.

ఎప్పింగ్ బాటసారి
మంగళవారం, మధ్యాహ్నం 2:40

లండన్ నుంచి రాస్తున్నాను, పుట్టి పెరిగింది పెందుర్తి. ఇక్కడ మా ఇంటి దగ్గర ఎప్పింగ్ ఫారెస్ట్ ఉంది, రెండు వేల నాలుగొందల హెక్టార్లు. నెలకో ఆదివారం వాలంటీరుగా వెళ్తాను. జీడితోట గారి మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

1878లో ఇక్కడి పార్లమెంటు ఆ అడవికోసం ప్రత్యేక చట్టం చేసి, జనం ఆటవిడుపుకి శాశ్వతంగా ఉంచమని సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్ చేతికిచ్చింది. అప్పటిదాకా చుట్టుపక్కల పల్లెవాళ్లకి చలికాలం పొయ్యి కట్టెలకి చెట్ల పైకొమ్మలు కొట్టుకునే హక్కు ఉండేది. ఆ హక్కు తీసేసి, పరిహారం డబ్బుతో 1884లో లౌటన్ ఊళ్లో ఒక హాలు కట్టారు. దాని పేరు లాపింగ్ హాల్, అంటే కొమ్మలు కొట్టే హాలు. ఇప్పటికీ ఉంది. వందల ఏళ్లుగా కొమ్మలు కొట్టిన చెట్లని ఒక్కసారిగా వదిలేస్తే తలలు బరువెక్కి చీలిపోవడం మొదలైంది, నీడ కమ్మేసి కింద పూల మొక్కలు పోయాయి. ఇప్పుడు కార్పొరేషనే మనుషుల్ని పెట్టి మళ్లీ ఆ కొమ్మలు కొట్టిస్తోంది, పశువుల్ని మేపిస్తోంది. కంబాలకొండకి అదే చేయమని నేను అనడం లేదు, అది వేరే అడవి, వేరే వాన. పల్లెవాళ్ల చేతులు కూడా అడవిలో ఒక భాగమని ఇక్కడ వందేళ్ల తర్వాత తెలిసింది. అంతే చెప్పాలనుకున్నాను.

గెడ్డగట్టు
మంగళవారం, రాత్రి 9:30

నేను సివిల్ ఇంజనీరుని. ఎవరూ దారి గురించి మాట్లాడలేదు. జనం నడవాలంటే ముందు బాగుచేయాల్సింది అది.

మన కొండలు ఖొండలైట్ రాయి. అది చివికితే వచ్చేది ఎర్రమట్టి. పొడిగా ఉంటే గట్టి, తడిస్తే బెల్లం. ఏటా వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు వాన, అందులో కొంత తుఫాను రోజుల్లో ఒక్క ఊపున పడేదే. నడిచేవాళ్లు దగ్గరదారి అని వాలు మీద నిట్టనిలువుగా ఎక్కుతారు. ఆ అడుగుల గాడిలోకి నీళ్లు చేరతాయి. మొదటి ఏడు బెత్తెడు, నాలుగేళ్లకి మోకాలి లోతు. అప్పుడు జనం పక్కనుంచి ఇంకో దారి తొక్కుతారు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర గెడ్డలు నేలని ఎలా కోశాయో చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

చేయాల్సింది ఖరీదైన పని కాదు. సిమెంటు అసలే వద్దు. దారి వాలుకి అడ్డంగా, మెల్లగా చుట్టి ఎక్కాలి. ప్రతి పదిహేను ఇరవై అడుగులకి రాళ్లు ఏటవాలుగా పేర్చి నీళ్లని దారి దాటించి ఆకుల్లోకి వదలాలి. గాడులు పడ్డ చోట్ల రాతి కట్టలు అడుగు ఎత్తున కడితే చాలు, రెండు వానలకి మట్టి నిండి గడ్డి మొలుస్తుంది. దగ్గరదారుల్ని ముళ్ల కంపతో మూసేయాలి. అన్నింటికంటే ముఖ్యం, కొత్త దారి వేయకూడదు. ఉన్న ఒక్క దారిని బాగా ఉంచితే జనం దాని మీదే ఉంటారు, మిగతా కొండ దానిదిగా ఉంటుంది.

టీచరమ్మ
బుధవారం, సాయంత్రం 4:50

బీచ్‌రోడ్ బాబు గారి కోపంలో న్యాయం ఉంది. దాన్ని వదిలేయకండి. నేను సర్కారు బడిలో చెప్తాను. పోయిన డిసెంబరులో నలభై మంది ఏడో తరగతి పిల్లల్ని తీసుకెళ్లాను. విశాఖలోనే పుట్టిన పిల్లల్లో సగం మంది అడవిలో అడుగు పెట్టడం అదే మొదటిసారి. ఒక పాప మోడుకున్న తొర్ర చూపించి "ఇది ఎవరి ఇల్లు టీచర్" అని అడిగింది. అందరం పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాం. చిన్న గుడ్లగూబ తల బయటికి పెట్టి మమ్మల్ని చూసింది. ఆ పిల్లలు ఇప్పటికీ దాని గురించే రాస్తున్నారు. జనం రాకపోతే ఈ కొండ మీద ప్రేమ ఎక్కడినుంచి వస్తుంది?

కానీ వాళ్లు కూర్చోడానికి చోటు కావాలి. మా అమ్మకి డెబ్బై నాలుగు. ఆవిడకీ కావాలి. బెంచీలు పెట్టండి, గేటు నుంచి మొదటి అర కిలోమీటరులోనే, దగ్గర దగ్గరగా. అక్కడ దారి చదునుగా, చక్రాల కుర్చీ వెళ్లేలా ఉంచండి. లోపలికి వెళ్లేకొద్దీ ఏమీ వద్దు. పిల్లలకి బోర్డులు కూడా తెలుగులో ఉండాలి. చాలాచోట్ల బోర్డు మీద శాస్త్రీయ నామం ఉంటుంది, 'పాల చెట్టు' అన్న మాట ఉండదు.

బీచ్‌రోడ్ బాబు
బుధవారం, సాయంత్రం 5:15

టీచర్ గారూ, థాంక్స్. మొదట కోపంగా రాసినందుకు సారీ ఫారెస్టర్ గారూ. బోర్డుల పని నాకు ఇవ్వండి. రాసి పెట్టడం, కొట్టించడం నేను చూసుకుంటాను. పేర్లు మాత్రం జీడితోట గారు, వాళ్ల ఊరి పెద్దవాళ్లు చెప్పాలి.

భాగ్యనగరి
బుధవారం, రాత్రి 10:05

హైదరాబాద్ నుంచి రెండు మాటలు. మాకు కేబీఆర్ పార్కు ఉంది. నాలుగు వందల ఎకరాలకి కాస్త తక్కువ, 1998లో నేషనల్ పార్కు అయింది, నాలుగు వైపులా రోడ్లు. లోపల నెమళ్లున్నాయి, తెల్లారి వేలమంది నడుస్తారు, కానీ అక్కడినుంచి ఏ జంతువూ ఎటూ వెళ్లలేదు. దీవి అయిపోయింది. కంబాలకొండ ఇంకా కొండల వరసతో కలిసి ఉంది. ఆ కలయిక తెగకుండా చూసుకోండి. తెగాక మళ్లీ అతకదు.

రెండోది, హరిణ వనస్థలి. నిజాంల కాలపు వేట మైదానం, 1975 నుంచి కృష్ణజింకల కోసం ఉంచారు. కృష్ణజింకకి కావలసింది బయలు, గడ్డి. దూరం కనపడితేనే అది పరుగెత్తి బతుకుతుంది. అలాంటిచోట పచ్చదనం పేరుతో చెట్లు నింపితే దాని ఇల్లు లాక్కున్నట్టే. అడవి అంటే చెట్లే అనుకునే అలవాటు మాకు ఇంకా పోలేదు.

కొండగాలి
శనివారం, రాత్రి 9:20

నిన్న, ఇవాళ అందరం కూర్చున్నాం. జీడితోట గారి ఊరికి కూడా వెళ్లొచ్చాం, వాళ్లింట్లో అంబలి తాగాం.

ఐదొందల మొక్కల ఆలోచన మానుకున్నాం. లైట్లు లేవు. ఊడవడం లేదు. లాంటానాకి గేటు దగ్గర చిన్న ముక్క ఒకటి అడుగుతూ దరఖాస్తు రాశాం. మూడేళ్ల కూలీ ఎనిమిది మంది ఆ ఊరి ఆడవాళ్లకి, మా వైపు నుంచి పదకొండు మందిమి ప్రతి వానాకాలం మొలకలు పీకడానికి. ముప్పై మందిలో మూడేళ్లు వస్తామని చెయ్యెత్తింది పదకొండు మందే. ఫారెస్టర్ గారు చెప్పినట్టు ముక్క కూడా అంతకి సరిపడానే. మొదటి అర కిలోమీటరులో ఆరు బెంచీలు, రాతివి. దారి గాడుల లెక్క గెడ్డగట్టు గారు వచ్చి చూసి రాసిచ్చారు, పద్నాలుగు చోట్ల. పర్మిట్ వచ్చేదాకా అడవి లోపల ఏదీ ముట్టుకోం.

రేపు ఉదయం ఆరున్నరకి ఆరిలోవలో ఆ చెత్త స్థలం దగ్గర కలుస్తున్నాం. గ్లవ్స్, గోనెసంచులు మేం తెస్తాం.

ఆరిలోవ ఇల్లాలు
శనివారం, రాత్రి 9:35

మా వీధి నుంచి తొమ్మిది మందిమి వస్తాం. టీ, ఉప్మా మా ఇంట్లోనే. గేటు ముందు రెండు గంగిరేగు చెట్లుంటాయి, అదే గుర్తు.

పిట్టకన్ను
శనివారం, రాత్రి 9:50

వస్తున్నాను. అక్కా, ఆ లాంటానా ముక్క పక్కన పెద్ద జువ్వి చెట్టుంది కదా, దాని కింద ఆకులు లోతుగా ఉన్నాయి. దరఖాస్తులో ఆ చెట్టు చుట్టూ ఇరవై అడుగులు వదిలేయమని రాయగలరా? అక్టోబరులో అక్కడ చూడాలి.

కొండగాలి
శనివారం, రాత్రి 9:58

రాశాను తమ్ముడూ. ముప్పై అడుగులు.